ప్రకృతితో కళ – పాఠం 4: రాలిన ఆకుల రంగువరుస

పోయిన పాఠంలో గడ్డి మీద అటూ ఇటూ నడిచి గీత తీశాం. 1967లో ఇంగ్లండ్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ చేసిన పని అది. ఈసారి పని చేతివేళ్ళది. మనకు దారి చూపేది 1956లో ఇంగ్లండ్‌లో పుట్టి, స్కాట్లండ్‌లోని పెన్‌పాంట్ అనే పల్లెలో స్థిరపడిన శిల్పి ఆండీ గోల్డ్స్‌వర్తీ. కుర్రతనం నుంచే పొలాల్లో పనిచేసినవాడు. ఆకులు, మంచుముక్కలు, రాళ్ళు, మట్టి, ఉన్నచోట ఏది దొరికితే అదే ఆయన సరుకు. ఆకును ఆకుతో కలపాలంటే జిగురు కాదు, ముల్లు గుచ్చుతాడు.

మోదుగాకుల విస్తరి కుట్టే ఇళ్ళలో ఇది తెలిసిన పనే. ఎండిన ఆకుల మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక సన్నని పుల్లతో కుడతారు. మీ ఊళ్ళో అలా కుట్టే పెద్దావిడ ఉంటే ముందు ఆమె పక్కన కాసేపు కూర్చోండి. ఏ ఆకు ఎంత వంగుతుందో, ఎక్కడ చిరుగుతుందో నా రాత కన్నా ఆమె వేళ్ళు బాగా చెబుతాయి.

మనకు కావలసింది బాదం చెట్టు. చలికాలం చివర దాని కింద పసుపు, నారింజ, ఎరుపు, ముదురు గోధుమ, అన్ని రంగులూ రాలి ఉంటాయి. పొద్దున్నే ఏరండి, మధ్యాహ్నానికి ఎండకు ముడుచుకుపోతాయి. చెట్టు మీది ఆకు మాత్రం తెంపవద్దు. పూలూ పచ్చి ఆకులూ గంపలకొద్దీ కోసి పేర్చి, దాన్ని ప్రకృతి కళ అనడం నాకు మింగుడుపడదు. పైగా కోసిన ఆకులో ఈ రంగులు ఉండవు. ఆకును వదిలేముందు చెట్టు అందులోని నత్రజని వంటి పోషకాలను కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటుంది. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం విరిగిపోయి, దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది, ఎరుపు కొత్తగా తయారవుతుంది. మీరు ఏరేది చెట్టు తన పని ముగించి ఇచ్చిన ఆకు.

ఇప్పుడు అసలు సాధన. నీడలో కూర్చుని ఆకులను లేత పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా వరుసగా పేర్చండి. కళ్ళు సగం మూసి చూడండి. పక్కపక్కన ఉన్న రెండు ఆకుల్లో ఏది ముందు, ఏది వెనక అని తటపటాయించేంత దగ్గరగా ఉండాలి రంగు. ఎక్కడైనా ఎగిరి దూకినట్టు కనిపిస్తే, ఆ నడిమి రంగు కోసం మళ్ళీ చెట్టు కిందికి వెళ్ళండి. తొందరపడవద్దు. ఒక్క ఆకు కోసం వంద ఆకులు తిప్పి చూడడమే ఈ పాఠం.

తర్వాత నేలలో జానెడు వెడల్పు గుంత తవ్వి, చుట్టూ పరవండి. పసుపు ఆకులు గుంత అంచున ఉండాలి. వెలుతురు పక్కనే చీకటి ఉంటే గుంత మరింత లోతుగా కనబడుతుంది. గాలి ఉంటే ఒక ఆకు మీద ఇంకొకటి రెండు వేళ్ళ మేర ఎక్కించి, కొబ్బరి ఈనె ముక్కతో ఆకు నరాల దగ్గర పైనుంచి కిందికి, మళ్ళీ పైకి గుచ్చండి. పలచని చోట గుచ్చితే చిరుగుతుంది.

1987 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ శిల్పోద్యానంలో గోల్డ్స్‌వర్తీ రోవన్ అనే చెట్టు ఆకులతో ఇలాగే గుంత చుట్టూ పరిచాడు. పూర్తి కావస్తుండగా కుక్క పరుగెత్తి గుంతలోకి దూరిందనీ, మళ్ళీ మొదలుపెట్టాననీ ఆ కృతి పేరులోనే రాసుకున్నాడు. మీకూ కోళ్ళో పిల్లలో గాలో అడ్డొస్తాయి. వాటిని తరమకండి, మళ్ళీ పరవండి.

అయ్యాక సరిగ్గా పైనుంచి ఒక ఫొటో తీయండి. ఈనెలు, ఆకులు అక్కడే వదిలేసి, మర్నాడు అదే వేళకు, వారం తర్వాత మరోసారి, అదే చోట నిలబడి మళ్ళీ తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి, ఏ రంగు ముందు పోయిందో నోటుబుక్కులో రాసుకోండి.

వచ్చే పాఠానికి ఒక బకెట్టు చెరువు బంకమట్టి సిద్ధంగా ఉంచుకోండి. ఎండి బీటలు వారే గీతలతో పనిచేద్దాం.