కాలిన గాయాల నొప్పి: కట్టు మార్చే ముందే చేయవలసిన ఏర్పాట్లు

కాలిన గాయానికి మొట్టమొదటి నొప్పి మందు కుళాయి నీరే. వేడినూనె, మరిగే నీరు, మంట, ఏది తగిలినా కాలిన భాగంపై మామూలు చల్లని నీటిని 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. ప్రమాదం జరిగిన 3 గంటల లోపు ఎప్పుడు పోసినా ప్రయోజనం ఉంటుంది. పసిపిల్లలకైనా, శరీరంలో ఎక్కువ భాగం కాలినవారికైనా మిగతా ఒళ్లు చల్లబడిపోకుండా దుప్పటి కప్పాలి. మంచుగడ్డ పెట్టకూడదు. టూత్‌పేస్టు, సిరా, పసుపు వంటివి పూయకూడదు. వాటిని ఆసుపత్రిలో కడిగి తీసేటప్పుడు రోగి మరోసారి బాధపడవలసి వస్తుంది. తర్వాత శుభ్రమైన గుడ్డను వదులుగా కప్పితే, బయటపడిన నరాల కొనలకు గాలి సోకక మంట తగ్గుతుంది.

నొప్పి తీవ్రతను బట్టి గాయం లోతును అంచనా వేయడం ప్రమాదకరం. పైపొరలు కాలి బొబ్బలెక్కిన గాయం విపరీతంగా మండుతుంది. చర్మం పూర్తి మందాన కాలిన చోట నరాల కొనలే నశించడం వల్ల స్పర్శ తెలియకపోవచ్చు. కాబట్టి "నొప్పి లేదంటున్నాడు" అని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకూడదు.

ఆసుపత్రిలో చేరిన తర్వాత రోజంతా సన్నగా ఉండే నొప్పి ఒకటి, కట్టు మార్చేటప్పుడు ఒక్కసారిగా ఎగసే నొప్పి మరొకటి. మొదటిదానికి, నొప్పి పెరిగాక అడిగి తెచ్చుకోవడం కంటే వైద్యులు చెప్పిన వేళలకే మందు ఇవ్వడం మేలు. పెద్దలకు పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉండవచ్చు కనుక వాటినీ లెక్కలో కలపాలి. పిల్లల మోతాదును బరువును బట్టి వైద్యులే నిర్ణయిస్తారు. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేయవచ్చు కాబట్టి, ముఖ్యంగా పెద్ద గాయాలున్నప్పుడు, సొంతంగా వేయకూడదు.

రెండో నొప్పి దగ్గరే మన ఏర్పాట్లు ఎక్కువగా తప్పుతాయి. నోటి ద్వారా ఇచ్చే మందు పనిచేయడానికి అరగంట నుంచి గంట వరకు పడుతుంది, అందువల్ల కట్టు విప్పే సమయాన్ని నర్సును ముందే అడిగి తెలుసుకుని, అంత ముందుగానే మందు అందేలా చూడాలి. అంటుకుపోయిన గుడ్డను పొడిగా లాగకుండా సెలైన్‌తో బాగా తడిపి, నాని వదులయ్యాక మెల్లగా తీయమని కోరవచ్చు. పెద్ద గాయాలకు మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందును కొద్దికొద్దిగా రక్తనాళంలోకి ఇస్తారు, అవసరమైతే మత్తు వైద్యులు కెటమిన్ అనే మత్తుమందు వాడతారు. "కాస్త ఓర్చుకో" అనడం ధైర్యం చెప్పినట్టుగా అనిపించినా, ఒకసారి భరించలేని బాధ అనుభవించిన రోగికి మరుసటి కట్టు పేరు వింటేనే వణుకు పుడుతుంది, ఆ భయం నొప్పిని మరింత పెంచుతుంది. పిల్లలకు పాట, కథ, ఫోనులో వీడియో నిజంగానే ఉపకరిస్తాయి, కాని అవి మందుకు ప్రత్యామ్నాయం కావు.

మార్ఫిన్ అలవాటు పడుతుందన్న భయంతో కుటుంబసభ్యులు దాన్ని నిరాకరించడం సరికాదు. వైద్యుల పర్యవేక్షణలో తీవ్రమైన నొప్పికి వాడి, గాయం మానే కొద్దీ తగ్గించుకుంటూ పోతే వ్యసనంగా మారే ప్రమాదం తక్కువ. దగ్గరున్నవారు గమనించవలసినవి వేరే ఉన్నాయి: మలబద్ధకం వస్తే చెప్పాలి, రోగి పిలిచినా సరిగా పలకకపోయినా, శ్వాస మందగించినా వెంటనే నర్సును పిలవాలి.

ప్రతిసారీ నొప్పిని 0 నుంచి 10 వరకు అంకెతో చెప్పమని రోగిని అడిగి, వేళతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టాలి; మాటలు రాని బిడ్డ విషయంలో ముఖం, కాళ్ల కదలిక, ఏడుపు చూసి అంచనా వేయాలి. కాలిన చేతిని లేదా కాలిని గుండె మట్టం కంటే ఎత్తులో దిండుపై ఉంచితే వాపుతో వచ్చే పోటు తగ్గుతుంది. ఫిజియోథెరపీకి ముందు కూడా మందు వేళ చూసుకోవాలి, ఎందుకంటే నొప్పి భయంతో కీలు కదపకపోతే చర్మం ముడుచుకుపోయి వంకర మిగులుతుంది.

గాయం మానాక మొదలయ్యే దురద నెలల తరబడి వేధిస్తుంది. మానిన చర్మంపై వాసన లేని తేమ క్రీము రోజుకు కొన్నిసార్లు రాసి, గోళ్లు కత్తిరించుకోవాలి. మంట, సూదులు గుచ్చినట్టు పోటు ఉంటే, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ వంటి మందు అవసరమేమో వైద్యులను అడగాలి.