స్టాల్ సామాను పంపే ఖర్చు ప్రతిసారీ బడ్జెట్ దాటుతోందా? లారీ కొటేషన్ పక్కన పెట్టి ఈ పేజీ చూడండి

ట్రేడ్ షోకి స్టాల్ సామాను పంపడానికి ముందు వేసుకున్న లెక్కనూ, షో అయ్యాక వచ్చిన బిల్లులనూ పక్కపక్కన పెడితే చాలామందికి పొంతన కుదరదు. ఈ లెక్కలు నా దగ్గరకు తెచ్చిన ప్రతి ఒక్కరినీ నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఎగ్జిబిటర్ మాన్యువల్‌లో, అంటే స్టాల్ పెట్టేవాళ్లకు షో నిర్వాహకులిచ్చే నిబంధనల పుస్తకంలో, మెటీరియల్ హ్యాండ్లింగ్ పేజీ చదివారా? దాదాపు అందరూ చెప్పే జవాబు కూడా ఒకటే: "ముగ్గురు ట్రాన్స్‌పోర్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నామండీ." నేను అడిగింది అది కాదు. ఆ ఒక్క పేజీ చదవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు పెట్టనందుకే ఎక్కువమంది దెబ్బతినడం ఏళ్లుగా చూస్తున్నాను.

క్రేట్లు కొలవడం, ప్యాకింగ్ లిస్టు రాయడం, ఇన్సూరెన్స్ చేయించడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. బిల్లు ఎక్కడ పెరిగిందో దాన్ని బట్టి కారణం వెతుకుదాం.

ట్రాన్స్‌పోర్టర్ బిల్లే కొటేషన్ కన్నా ఎక్కువ వచ్చింది

ఇది ఘనపరిమాణం లెక్క. స్టాల్ సామానులో బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. విమానంలో పంపితే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. అసలు బరువు, ఈ లెక్కలో తేలిన బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 120 × 100 × 100 క్రేటు తూకానికి 110 కిలోలే ఉండొచ్చు, కానీ 6000 లెక్కలో అది 200 కిలోలు. 5000 లెక్కలో 240.

జనం పొరబడేది కొలతలో. క్రేటు కొలుస్తారు, దాని కింద ఉన్న ప్యాలెట్‌ను, అంటే ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తడానికి పెట్టే చట్రాన్ని, కొలవరు. ఆ ప్యాలెట్ ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుందాం. ఇందాక చెప్పిన క్రేటే 6000 లెక్కలో 200 నుంచి 230 కిలోలకు ఎక్కుతుంది. అందుకని నేల మీద నుంచి పైఅంచు దాకా, బయటికి పొడుచుకొచ్చిన గొళ్లేలతో సహా కొలిచి, ఎంతతో భాగిస్తారో అడిగి, అప్పుడు కొటేషన్ తీసుకోండి.

లారీ బిల్లు సరిగ్గానే ఉంది, అయినా మొత్తం ఖర్చు తడిసి మోపెడైంది

అసలు కథ ఇక్కడుంది. లారీ డ్రైవర్ పని హాలు డాక్ (లారీలు ఆగి సామాను దించే చోటు) దగ్గరితో అయిపోతుంది. అక్కడి నుంచి మీ స్టాల్ దాకా సామాను చేర్చేది షో నిర్వాహకులు నియమించిన కాంట్రాక్టర్. దించడం, ఫోర్క్‌లిఫ్ట్ మీద స్టాల్‌కి తేవడం, ఖాళీ క్రేట్లు తీసుకెళ్లి దాచడం, షో అయ్యాక తెచ్చివ్వడం, మళ్లీ లారీకెక్కించడం అంతా వాళ్లదే. ఎక్కువ చోట్ల వేరేవాళ్లను పెట్టుకునే వీలుండదు, రేటు బేరమాడే వీలు అంతకన్నా ఉండదు. ఈ బిల్లు ట్రాన్స్‌పోర్టర్ కొటేషన్‌లో కనిపించదు, ఎందుకంటే అది ఆయన పని కాదు. హమాలీ ఖర్చు అనుకుని బడ్జెట్‌లో ఏదో చిన్న మొత్తం వేస్తారు. దూరం తక్కువున్న షోలకు లారీ కిరాయి కన్నా ఈ బిల్లే పెద్దదవుతుంది. సామాను పక్క వీధి నుంచి వచ్చినా, దేశం అటు చివర నుంచి వచ్చినా డాక్ నుంచి స్టాల్‌కి రేటు ఒకటే మరి.

అమెరికా షోల్లో దీన్ని డ్రేయేజ్ అంటారు, 100 పౌండ్ల చొప్పున లెక్కగడతారు. 100 పౌండ్లంటే సుమారు 45 కిలోలు. మిగతా చాలా దేశాల్లో ఘనపు మీటర్ల లెక్క. కొలమానం ఏదైనా, రెండు మాటలు మాత్రం దాదాపు ప్రతి మాన్యువల్‌లో ఉంటాయి: లెక్కను పై అంకెకు సవరిస్తారు, ప్రతి షిప్‌మెంట్‌కూ కనీస ఛార్జీ వేస్తారు. ఈ రెండో మాటే నన్ను దెబ్బకొట్టింది.

ఒక షోకి పెద్ద క్రేటు లారీలో పంపాం, 640 పౌండ్లు. బ్రోషర్లు ఆలస్యమైతే ప్రింటర్‌నే నేరుగా కొరియర్ చేయమన్నాం, ఒక్క అట్టపెట్టె, 42 పౌండ్లు. డెమో స్క్రీన్ ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి ఇంకో కొరియర్‌లో వేశాం, 65 పౌండ్లు. షో అయ్యాక బిల్లులో మూడు వరసలు: 700, 200, 200. చిన్న పెట్టెలు రెండిటి ఎదురుగా అదే అంకె. తప్పు పడిందనుకుని కాంట్రాక్టర్ కౌంటర్‌కి వెళ్లాను. అక్కడి ఆవిడ మాన్యువల్ తిప్పి చూపించింది, షిప్‌మెంట్‌కి కనీసం 200 పౌండ్లు అని స్పష్టంగా ఉంది. మూడూ కలిసి ఒకే షిప్‌మెంట్‌గా వచ్చి ఉంటే 747 పౌండ్లు, సవరిస్తే 800. మేము 1,100కి కట్టాం. లేని 300 పౌండ్ల బరువుకు పోయిన డబ్బు అది. కాగితం మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది, చదవలేదు.

దీనికి పరిష్కారం, వస్తువులన్నీ ముందు ఒక్కచోట చేర్చి ఒకే బిల్లు మీద, ఒకే రోజు చేరేలా పంపడం. ప్రింటర్ పెట్టె మీ దగ్గరికే రావాలి, క్రేటులోకే వెళ్లాలి. ఒకే ట్రాకింగ్ నంబర్ మీద నాలుగు పెట్టెలు కొరియర్ చేస్తే సరిపోతుందనుకోకండి, అవి రెండు రోజుల్లో విడివిడిగా చేరితే విడివిడి రాకలుగానే లెక్కేయొచ్చు. చాలా షోల్లో చిన్న ప్యాకెట్లకు వేరే తక్కువ రేటు ఉంటుంది, అది ఎంత బరువు వరకో చూసుకోండి. చేత్తో మోసుకెళ్లగలిగిన వాటిని మీరే లోపలికి తీసుకెళ్లనిస్తారేమో కూడా ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

ఆ పేజీలోనే ఇంకొన్ని అదనపు ఛార్జీలుంటాయి. క్రేటు లేకుండా దుప్పట్లు చుట్టి పంపిన సామాను, లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కొక్కటిగా దించాల్సి వచ్చే సామాను స్పెషల్ హ్యాండ్లింగ్ కిందికి వస్తాయి, రేటు పెరుగుతుంది. ప్యాలెట్ మీద కట్టి, ఫోర్క్‌లిఫ్ట్ నేరుగా ఎత్తేలా పంపితే ఈ బాధ లేదు. లారీ సాయంత్రం వేళ దాటాకో, శనివారమో ఆదివారమో డాక్‌కి చేరితే ఓవర్‌టైమ్ పడుతుంది. మీకిచ్చిన మూవ్-ఇన్ (సామాను హాలులోకి తెచ్చే) తేదీ, టైమ్ ట్రాన్స్‌పోర్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోన్‌లో చెబితే చాలదు. బరువు లెక్క వేసే షోలైతే కాటా చీటీ లేకుండా లారీ పంపొద్దు. చీటీ లేకపోతే బరువు అంచనా కట్టేది కాంట్రాక్టరే, ఆ అంచనా మీ వైపు మొగ్గుతుందని ఆశపెట్టుకోకండి.

ఇంకో సంగతి చాలామందికి నమ్మకం కుదరదు. అమెరికా పద్ధతిలో ఈ రేటు మామూలుగా రానూపోనూ కలిపి ఉంటుంది, లెక్క మాత్రం వచ్చిన బరువు మీదే. బ్రోషర్లన్నీ పంచేసి ఖాళీ చేతులతో వెళ్లినా ఒక్క పైసా తగ్గదు. తగ్గించాల్సింది పంపేటప్పుడే. గట్టి ప్యానెళ్ల బదులు గుడ్డ మీద ప్రింట్ చేసిన గ్రాఫిక్స్ వాడితే లారీ బిల్లు, ఈ బిల్లు రెండూ దిగుతాయి. బల్లలూ కుర్చీలూ అక్కడే అద్దెకు తీసుకోవడం చవకా కాదా అని తేల్చేటప్పుడు ఈ బిల్లును కలిపి పోల్చండి. లేకపోతే అద్దె ఎప్పుడూ ఖరీదైనదిగానే కనిపిస్తుంది.

కాబట్టి బడ్జెట్ షీట్‌లో రవాణా అని ఒకే వరస రాయొద్దు. పోయే రవాణా, హాలు లోపలి హ్యాండ్లింగ్, తిరుగు రవాణా, మూడు వేరు వరసలు. రెండో వరసలో సవరించిన బరువును రేటుతో గుణించి రాయండి, అది నింపకుండా మొదటిదానికి కొటేషన్లు అడగొద్దు.

వెయిటింగ్ ఛార్జీలు పడ్డాయి

పెద్ద షోల్లో లారీలు డాక్‌కి నేరుగా వెళ్లవు, బయట యార్డులో వరసలో నిలబడతాయి. ఆ గంటలన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. షోకి ముందే సామాను తీసుకుని ఉంచే అడ్వాన్స్ వేర్‌హౌస్ ఉంటే అక్కడికి పంపి చూడండి. దాని రేటు కాస్త ఎక్కువే ఉండొచ్చు, కానీ లారీ నిలబడదు. పైగా సామాను చేరిందా లేదా అన్న టెన్షన్ ముందే తీరుతుంది. ఆఖరి తేదీ దాటితే అక్కడా అదనపు ఛార్జీ వేస్తారు.

తిరుగు ప్రయాణం పోయేదానికి మించి ఖర్చయింది

షో ఆఖరి రోజు అందరికీ ఇంటికి పోవాలన్న తొందర. సామాను కట్టేసి, స్టాల్‌లో వదిలేసి వెళ్లిపోతారు, సామాను ఎవరికి అప్పగించాలో చెప్పే ఫారం మాత్రం కౌంటర్‌లో ఇవ్వరు. లేదా ఫారం ఇస్తారు, వాళ్ల లారీ గడువులోగా చెక్-ఇన్ కాదు. అప్పుడు హాలు ఖాళీ చేయడానికి కాంట్రాక్టర్ ఆ సామానును తనకు నచ్చిన రవాణా మీద పంపేస్తాడు, లేదా గోడౌన్‌కి చేరుస్తాడు. బిల్లు మీదే. మొదటి రోజే తిరుగు లేబుళ్లు ప్రింట్ చేసి ఉంచుకోండి. ఫారం చేతికిచ్చేదాకా ఒక మనిషి స్టాల్‌లోనే ఉండాలి. లారీ ఎన్ని గంటలలోపు చెక్-ఇన్ కావాలో ట్రాన్స్‌పోర్టర్ దగ్గర ఒప్పించుకోండి.

ఖాళీ క్రేట్ల మీద స్టాల్ నంబరున్న ఎంప్టీ స్టిక్కర్ అంటించడం మరవకండి. పోయిన షో స్టిక్కర్లు ముందు గీకేయండి. పాత నంబరు చూసి క్రేటు వేరే స్టాల్‌కి వెళ్తే, అది దొరికేదాకా మీ లారీ బయట నిలబడే ఉంటుంది.

మిగతావి

విదేశీ షో అయితే, ఆ దేశంలో చెల్లితే, ఏటీఏ కార్నే తీసుకోండి. సామానును సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోనిచ్చే కస్టమ్స్ పత్రం అది. దాని గడువు ఏడాదికి మించదు. పంచిపెట్టే వస్తువులు అందులోకి రావు, వాటికి సుంకం వేరుగా వేసుకోవాలి. చెక్క క్రేటు మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కకు పురుగు పట్టకుండా శుద్ధి చేశారని చెప్పే గుర్తు) ఉండాలి, లేకపోతే కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. ఇంధన సర్‌ఛార్జీ వల్ల బడ్జెట్ తలకిందులైన కేసు నేనింతవరకు చూడలేదు, దాని వెంట పడొద్దు. షో అయ్యాక సామాను దిగే చోట డాక్ లేకపోతే లారీకి టెయిల్ లిఫ్ట్ (సామాను నేలకు దించే వెనకవైపు పలక) కావాలని కొటేషన్ అడిగేటప్పుడే చెప్పండి.