ఓపీ మధ్యలో సందేహం వస్తే: వైద్యులు నమ్మదగిన సమాచారం వెతుక్కునే పద్ధతి

వంద మంది రోగులను చూసే వైద్యుడికి ఆ క్రమంలో సుమారు 57 ప్రశ్నలు ఎదురవుతాయని, వాటిలో దాదాపు సగానికి ఆయన సమాధానం వెతకనే వెతకడని, వెతికిన వాటిలో మాత్రం నూటికి 78 ప్రశ్నలకు సమాధానం దొరుకుతుందని 2014లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి తేల్చిన లెక్క అది. అంటే సమాధానం లేక ఆగిపోయే ప్రశ్నలు కొన్నే. తీరిక లేక, ఎక్కడ చూడాలో తెలియక, చూసినా దొరకదులే అన్న అనుమానంతో వదిలేసేవే ఎక్కువ. ఉదయం బల్ల మీద నూట యాభై ఓపీ చీటీలు పేరుకుపోయిన ఏరియా ఆస్పత్రి వైద్యుడికి ఒక్కో రోగి దగ్గర రెండు మూడు నిమిషాలకు మించి దక్కవు కనుక, ఆ వ్యవధిలో ఇమిడే పద్ధతే ఆయనకు పనికొస్తుంది.

రోగి రాకముందే సర్దుకోవలసినవి

ఇందులో సగం పని రోగి గదిలోకి రాకముందే పూర్తికావాలి. డేవిడ్ సాకెట్, షారన్ స్ట్రాస్ ఆక్స్‌ఫర్డ్ ఆస్పత్రిలో చేసి 1998లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతిని స్పష్టంగా చూపిస్తుంది. పుస్తకాలు, పరిశోధనల సారాంశాలు, ఒక కంప్యూటరు ఎక్కించిన బండిని వారు వార్డు రౌండ్ల వెంట తిప్పారు. బండి పక్కనే ఉన్నప్పుడు కావలసిన సారాంశం అరనిమిషం లోపే చేతికి వచ్చేది. బండిని తీసేసిన తరువాత సమాచారం కావాలనిపించడం ఇంకా పెరిగింది గాని, నిజంగా వెతికింది నూటికి 12 సందర్భాల్లోనే. అవే ప్రశ్నలు, అదే వైద్య బృందం. మారిందల్లా సమాచారం అందుబాటులో ఉండటం, లేకపోవటం.

ఈనాడు ఆ బండి స్థానంలో ఫోను ఉంది కాని, దాన్ని నింపుకోవలసింది మనమే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 నుంచి విడుదల చేస్తున్న ప్రామాణిక చికిత్సా క్రమాలు ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో ఉంటాయి. యాప్ రూపంలోనూ దొరుకుతాయి. యాంటీబయాటిక్ ఎంపికకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రచురించిన అవేర్ పుస్తకం ఉచితం; సామాన్య ఇన్ఫెక్షన్లకు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది అందులో సూటిగా రాశారు. మందుల మోతాదులకు, హెచ్చరికలకు ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ప్రచురించే నేషనల్ ఫార్ములరీ, జబ్బుల గురించి గబగబా గుర్తుచేసుకోవడానికి ఎంఎస్‌డీ మాన్యువల్‌లోని వైద్యుల విభాగం సరిపోతాయి. వీటితో పాటు క్షయ, మలేరియా, కుక్కకాటు, పాముకాటుకు సంబంధించిన జాతీయ కార్యక్రమాల మార్గదర్శకాలను పీడీఎఫ్‌లుగా ఫోనులోకి దించుకుని ఉంచుకోవాలి. ఏజెన్సీ ప్రాంతపు పీహెచ్‌సీలో సిగ్నల్ కోసం వరండా చివరికి పరుగెత్తే పరిస్థితి ఇప్పటికీ ఉంది. అప్‌టుడేట్, డైనామెడ్, బీఎంజే బెస్ట్ ప్రాక్టీస్ వంటి వైద్య సారాంశ గ్రంథాలు చందా కట్టి ఆన్‌లైన్‌లో చదవవలసినవి. వైద్య కళాశాలలో పనిచేసేవారు తమ లైబ్రరీ వాటిలో దేన్ని కొంటున్నదో ముందే కనుక్కుని, లాగిన్ చేసి పెట్టుకోవాలి. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వల్ల ప్రభుత్వ కళాశాలలకు అనేక జర్నళ్ల పూర్తి వ్యాసాలు కూడా తెరుచుకున్నాయి.

ప్రశ్నను కుదించడం

వర్షాలు తగ్గిన తరువాత ఆరు రోజుల జ్వరంతో వచ్చిన బాలింతను ఊహించుకుందాం. చంకలో నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉంది. చిన్న పురుగుల కాటు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరమని వైద్యుడికి దాదాపు రూఢి అయింది. రక్తపోటు, శ్వాస, మూత్రం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నాలుగు నెలల బిడ్డ తల్లిపాలు తాగుతున్నాడు. ఇక్కడ ‘స్క్రబ్ టైఫస్ చికిత్స’ అని వెతికితే వందల పేజీలు వస్తాయి, కాని ఆగిన చోటికి సమాధానం వాటిలో ఎక్కడో మునిగిపోతుంది. వైద్యుడు నిజంగా ఆగిన చోటు ఇది: పాలిచ్చే తల్లికి ఏడు రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే బిడ్డకు హాని ఉందా, దానికి బదులు అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇవ్వాలా? రోగి ఎవరు, ఏ మందు, దేనికి బదులుగా, ఏ ఫలితం కోసం అన్న నాలుగు అంశాలూ అందులో ఉన్నాయి. వెతకబోయే ముందు ప్రశ్నను ఇలా ఒక్క వాక్యంలో ఓపీ చీటీ వెనకైనా రాసుకుంటే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది.

ఏ ప్రశ్నకు ఏ చోటు

ప్రశ్న కుదిరాక ఎక్కడికి వెళ్లాలన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. పై ప్రశ్నకు మందుల సూచికలు తెరిస్తే చాలా వరకు ‘పాలిచ్చే తల్లులకు వాడరాదు’ అన్న ఒక్క ముక్క కనిపిస్తుంది. ఎందుకు వాడరాదో ఉండదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే లాక్ట్‌మెడ్ తెరిస్తే, పాలలోకి చేరే మోతాదు తక్కువని, పాలలోని కాల్షియం వల్ల బిడ్డ ఒంటికి పట్టేది ఇంకా తగ్గుతుందని, కొద్ది రోజుల వాడకంతో హాని జరిగే అవకాశం తక్కువని, దీర్ఘకాలం లేదా పదే పదే వాడటం మాత్రం మానుకోవాలని కారణాలతో సహా చెబుతుంది. తల్లి పాలు మాన్పించవలసిన అవసరం అక్కడితో తీరిపోయింది. ఒక్క పేజీ, ఒక్క నిమిషం.

చికిత్సలో రెండు దారులుండి దేన్ని ఎంచుకోవాలన్నది ప్రశ్న అయితే ముందు జాతీయ మార్గదర్శకాన్ని, తరువాత అప్‌టుడేట్ వంటి ఎప్పటికప్పుడు సవరించే సారాంశ గ్రంథాన్ని చూడాలి. ఆ రెండూ తేల్చని చోట, ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు ఉపయోగపడతాయి; వాటి సారాంశాలు అందరికీ ఉచితమే. పబ్‌మెడ్ వంతు చిట్టచివర రావాలి. మూడు కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్న ఆ సముద్రంలోకి ఓపీ మధ్యలో దిగడం నా దృష్టిలో సాహసమే. దిగక తప్పకపోతే మామూలు పెట్టెలో కాకుండా క్లినికల్ క్వెరీస్ అనే విభాగంలో వెతికితే చికిత్స, రోగనిర్ధారణ వంటి వర్గాల వారీగా వడబోసిన ఫలితాలు వస్తాయి. విషప్రయోగం, పురుగుమందు వంటి కేసుల్లో చదవడం కన్నా ఫోను చేయడమే మేలు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు పలుకుతుంది.

గూగుల్‌లో మొదట కనిపించే స్టాట్‌పెర్ల్స్ అనే వైద్య పాఠాల సంకలనం గురించి ఒక మాట చెప్పాలి. దాని పేజీలు అమెరికా ప్రభుత్వ లైబ్రరీ చిరునామాలో ఉంటాయి కాబట్టి ఆ ప్రభుత్వమే రాసి ఆమోదించిందని చాలామంది హౌస్ సర్జన్లు అనుకుంటారు. నిజానికి ఆ లైబ్రరీ దానికి చోటు మాత్రమే ఇచ్చింది. అధ్యాయానికీ అధ్యాయానికీ నాణ్యతలో తేడా కనిపిస్తుంది కనుక, విషయం గుర్తుచేసుకోవడానికి దాన్ని వాడవచ్చు గాని, మోతాదు నిర్ణయానికి అదొక్కటే ఆధారం కాకూడదు.

నమ్మదగినవి రెండూ రెండు మాటలు చెబితే

కుక్క కరిచినవారికి చర్మంలోపల ఇచ్చే టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో 0, 3, 7 రోజుల్లో ముగిసే క్రమాన్ని సూచించింది. మన జాతీయ రేబిస్ నియంత్రణ కార్యక్రమం 2019 మార్గదర్శకాల్లో 0, 3, 7, 28 రోజుల క్రమాన్నే కొనసాగించింది. రెండింటిలోనూ ప్రతిసారీ రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పునే ఇస్తారు. రెండింటికీ శాస్త్రీయమైన ఆధారం ఉంది. అయినా ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే వైద్యుడు జాతీయ క్రమాన్నే పాటించాలని నా అభిప్రాయం. టీకా నిల్వలు, రిజిస్టరు, రోగిని మళ్లీ పిలిచే ఏర్పాటు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఒక చోట మూడు, మరొక చోట నాలుగు అని చెబితే రోగి అయోమయంలో పడి మధ్యలోనే మానేసే ప్రమాదం ఉంది.

విదేశీ గ్రంథం మన రోగికి అసలే వర్తించని సందర్భాలూ ఉన్నాయి. పాముకాటుకు అమెరికా పుస్తకం చూస్తే అక్కడి ర్యాటిల్‌స్నేక్ జాతులకు తయారుచేసిన విరుగుడు మందు లెక్కలు కనిపిస్తాయి. మన ఆస్పత్రుల్లో ఉన్న విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి పనిచేసేది. ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకడుతుందా లేదా అని మామూలు గాజు గొట్టంలో చూసే పరీక్ష, పిల్లలకు కూడా పెద్దలకు ఇచ్చిన మోతాదే ఇవ్వాలన్న నియమం మన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా దొరుకుతాయి. మందుల సూచికల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2024 ఆగస్టులో కేంద్రం 156 మిశ్రమ మందులను ఒకేసారి నిషేధించింది కాబట్టి, అంతకుముందు అచ్చయిన సూచికలో ఒక మందు కనిపించినంత మాత్రాన అది ఇప్పటికీ చెల్లుతుందని అనుకోకూడదు.

అధ్యయనాన్నే చదవవలసి వస్తే

మన బాలింత కేసుకే తిరిగి వద్దాం. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇవ్వడమే మంచిదని తోటి పీజీ ఒకరు అన్నారనుకుందాం. ఆ మాటకు మూలం మన దేశంలోనే ఏడు కేంద్రాల్లో జరిగి, 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం. ప్రధాన ఫలితం (ఇది చెడు పరిణామాల లెక్క, తక్కువగా ఉంటేనే మేలు) డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 47 శాతం, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48 శాతం, రెండూ ఇచ్చినవారిలో 33 శాతం. తేడా 14 శాతం అంటే సుమారు ఏడుగురికి రెండు మందులు ఇస్తే వారిలో ఒకరికి అదనంగా మేలు జరుగుతుందన్న మాట. శాతాల తేడాను ఇలా మనుషుల లెక్కలోకి మార్చుకునే అలవాటు ప్రతి వైద్యుడికీ ఉండాలి. ప్రమాదం రెండు శాతం నుంచి ఒక శాతానికి తగ్గినా మెడికల్ రెప్ తెచ్చే కరపత్రం దాన్ని ‘సగానికి సగం తగ్గుదల’ అనే రాస్తుంది, వంద మందికి ఇస్తే ఒకరికి మేలు అని రాయదు.

అయితే లెక్క అక్కడితో ఆగదు. ఆ ప్రధాన ఫలితం మరణం, ఏడో రోజుకూ తగ్గని ఉపద్రవాలు, ఐదో రోజుకూ తగ్గని జ్వరం అనే మూడింటిని కలిపి లెక్కించినది. విడదీసి చూస్తే 28 రోజుల్లో మరణాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పైగా ఆ అధ్యయనంలో చేరినవారందరూ ఏదో ఒక అవయవం దెబ్బతిన్న స్థితిలో ఉన్నవారు. మందులు నరం ద్వారా ఇచ్చారు. నడిచి వచ్చి, బల్ల మీద కూర్చుని, బిడ్డకు పాలిస్తున్న మన రోగి ఆ కోవలోకి రాదు. ఆమెకు నోటి ద్వారా డాక్సీసైక్లిన్ ఇస్తూ, ఆయాసం గాని మగత గాని మొదలైతే వెంటనే రమ్మని చెప్పి పంపడమే సబబు. అధ్యయనం గొప్పది కావడం వేరు, మన ఎదుట ఉన్న రోగికి వర్తించడం వేరు. ఈ రెండో సంగతి తేల్చుకోవడానికి సారాంశం చాలదు. ఎవరెవరిని చేర్చుకున్నారు, ఎవరెవరిని వదిలేశారు అన్న పేరా తప్పనిసరిగా చదవాలి.

పేరున్న జర్నల్‌లో వచ్చిందన్న ధీమా కూడా కొంత తగ్గించుకోవాలి. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇవ్వడం గురించి లాన్సెట్ 2020 మే 22న ప్రచురించిన వ్యాసాన్ని, అందులోని వివరాలను సరిచూసే వీలు లేకపోవడంతో జూన్ 4న ఉపసంహరించుకున్నారు. ఉపసంహరించిన వ్యాసాల మీద పబ్‌మెడ్ ఎర్రని హెచ్చరిక చూపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో తిరిగే పీడీఎఫ్ మీద ఆ హెచ్చరిక ఉండదు.

చాట్‌జీపీటీ వంటి సాధనాలను ఇప్పుడు అందరూ వాడుతున్నారు. ప్రశ్నను పదును పెట్టుకోవడానికి, వెతకవలసిన పదాలు తెలుసుకోవడానికి అవి బాగానే ఉపకరిస్తాయి. అవి ఇచ్చే ఆధారాల్లో మాత్రం అసలు లేని వ్యాసాలూ ఉంటాయి, ఉన్న వ్యాసం చెప్పని మాటలూ ఉంటాయి. కాబట్టి అవి చూపిన వ్యాసం పేరును పబ్‌మెడ్‌లో వేసి, కనీసం సారాంశాన్నైనా కళ్లారా చూసే దాకా ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదు. మోతాదును ఫార్ములరీతో సరిచూడకుండా చీటీ మీదకు ఎక్కించనే కూడదు. రోగి పేరు, ఊరు, ఫోను నంబరు, స్కాన్ మీది వివరాలు వాటిలో పెట్టడం గోప్యతను ఉల్లంఘించడమే అవుతుంది.

వెతికినది రాసి పెట్టడం

సమాధానం దొరికాక కేస్ షీటులో ఒక్క వరుస చేర్చాలి: ‘డాక్సీసైక్లిన్, 7 రోజులు, తల్లిపాలు కొనసాగించవచ్చు, లాక్ట్‌మెడ్ చూశాను’ అని, పక్కన తేదీ. రాత్రి డ్యూటీకి వచ్చే వైద్యుడు అదే సందేహంతో మందు ఆపేయకుండా ఆ వరుస కాపాడుతుంది. మందు ఇచ్చాక ఊహించని ప్రతిచర్య కనిపిస్తే దాన్ని, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800 180 3024 నంబరులో తెలియజేయాలి. మన దేశంలో రేపు రాబోయే హెచ్చరికలు ఆ నివేదికల నుంచే పుడతాయి.

తరచూ ఎదురయ్యే పది పదిహేను ప్రశ్నలకు క్యాజువాలిటీలో ఒక నోటుపుస్తకం ఉంచి, సమాధానం, ఆధారం, చూసిన తేదీ రాస్తూ పోతే కొత్తగా చేరిన హౌస్ సర్జన్లకు అదే మొదటి గ్రంథం అవుతుంది. అయితే జాతీయ మార్గదర్శకం మారిన రోజున ఆ పేజీని కొట్టివేసి కొత్తది రాసే బాధ్యత ఒకరి పేరున ఉండాలి. గోడల మీది చార్టులకూ ఇదే వర్తిస్తుంది. కొత్త చార్టును పాతదాని పక్కన అంటించడం చాలా ఆస్పత్రుల్లో చూస్తాం. పాతదాన్ని ముందు చింపి పారేసి, ఆ తరువాతే కొత్తది అంటించాలి.