గ్యాంగ్‌వే అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కేటప్పుడు, గట్టుకూ లాంచీ అంచుకూ నడుమ వేసిన బల్ల మీద కాలు పెట్టగానే అది కొద్దిగా వంగి, నీటి కదలికతో పాటు మెల్లగా ఊగుతుంది. ఆ బల్ల ఒక్కదాన్నే చెప్పదలచుకుంటే ఇంగ్లీషులో గ్యాంగ్‌ప్లాంక్ అనాలి. గ్యాంగ్‌వే అంతకంటే విశాలమైన మాట. ఓడ పక్కభాగంలో మనుషులు ఎక్కి దిగేందుకు విడిచిన ద్వారాన్నీ, అక్కడి నుంచి రేవుకు వేసే వంతెననూ రెండింటినీ అది సూచిస్తుంది. ఇందులోని గ్యాంగ్‌కు ముఠా అనే అర్థం తీసుకోవడం పొరపాటు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు నడక, పోక అని అర్థం కనుక, మన పాత ఇళ్లలోని నడవ దీనికి దగ్గరి చుట్టమని నాకు అనిపిస్తుంది.

బ్రిటన్‌లో థియేటర్ సీట్ల వరుసల మధ్య దారిని కూడా గ్యాంగ్‌వే అంటారు. అమెరికాలో దానికి ఐల్ అనే మాటే వాడుక. గుంపులో బరువు మోసుకుపోయేవారు గ్యాంగ్‌వే అని కేక వేస్తే, మన జాతరలో వినిపించే ‘జరగండి, జరగండి’ అన్నదే దాని భావం. తెలుగులోకి అనువదించేటప్పుడు చిన్న పడవకైతే బల్ల అనే రాయండి, పెద్ద ఓడకైతే గ్యాంగ్‌వేను అలాగే ఉంచండి, విమానానికి ఆనించే గొట్టంలాంటి దారికి మాత్రం ఏరోబ్రిడ్జ్ అని వాడండి.