విశాఖలో చలికాలపు ఉదయం పరుగుకు వెళ్లే ముందు

☐ ముందు గాలి చూడండి. ఆకు కదలక, పొగ పైకి లేవకుండా అడ్డంగా పరుచుకుంటే ఆగండి. డిసెంబరు, జనవరిల్లో తెల్లారేసరికి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. పైనున్న వెచ్చటి పొర మూతలా పనిచేస్తుంది. వాహనాల పొగ, ఓడరేవు వైపు దుమ్ము దాని కిందే ఉండిపోతాయి. పైగా ఊరికి ఒకపక్క కైలాసగిరి, మరోపక్క యారాడ కొండలు, గిన్నెలో ఉన్నట్టే.

☐ 5 గంటలకు లేచే అలవాటు మంచిదే, ఈ రెండు నెలలు మాత్రం ఎండ పొడిచాక బయల్దేరండి. నేల వేడెక్కితే మూత లేస్తుంది.

☐ సముద్రపు గాలి మొదలయ్యాక బీచ్ రోడ్డు మేలు. అదే గాలి పొగను ఊళ్లోకి తోస్తుంది కాబట్టి పారిశ్రామిక ప్రాంతం దాటి ఊరి లోపలివైపు ఉన్న దారులు వద్దు. రాత్రి గాలి భూమి నుంచి సముద్రం వైపు వీస్తుంది. తెల్లవారుజామున తీరమైనా శుభ్రమని నమ్మకండి.

☐ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) సాధారణంగా గత 24 గంటల సగటు. ఈ గంట పరిస్థితికి పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి) గంటవారీ గ్రాఫ్ చూడండి. సూచీ 200 దాటితే ఇంట్లోనే వ్యాయామం. 101–200 మధ్య ఉంటే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు పరుగు మాని నెమ్మదిగా నడవాలి.

☐ గుడ్డ మాస్కు సన్నటి ధూళిని ఆపదు. ఎన్‌95 ఆపుతుంది, కానీ దాంతో పరుగెత్తితే ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. మాస్కు అవసరమైన రోజు పరుగు రోజు కాదు.

☐ ఇన్‌హేలర్ జేబులో.