విశాఖ నుంచి లాప్‌టాప్‌తో బయలుదేరుతున్నారా? హబ్ విషయంలో ఈ జాగ్రత్తలు చూసుకోండి

"మావయ్యా, తెర మీద ఏమీ రావట్లేదు!" అని మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసేసరికి వాడి మీటింగుకి పది నిమిషాలే ఉంది. ముందు రోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కబోతూ డాబాగార్డెన్స్‌లో హడావిడిగా హబ్ (లాప్‌టాప్‌లోని ఒక్క టైప్-సి పోర్టుకే తెర, పెన్‌డ్రైవ్, చార్జర్ లాంటివన్నీ తగిలించుకోనిచ్చే చిన్న పరికరం) కొన్నాడు. పెట్టె మీద హెచ్‌డీఎంఐ (టీవీకి, మానిటర్‌కి బొమ్మను పంపే పోర్టు) అని రాసి ఉంది, అంతే చూశాడు. హబ్‌లో ఏ లోపమూ లేదు. వాడి లాప్‌టాప్‌కున్న టైప్-సి పోర్టు చార్జింగుకి, ఫైళ్లు ఎక్కించుకోవడానికి పనికొస్తుంది గానీ బొమ్మను బయటికి పంపలేదు. రైలెక్కాక తెలిస్తే ఇక చేసేదేముంది?

అందుకే కొనే ముందు లాప్‌టాప్ మోడల్ నంబరు పట్టుకుని, కంపెనీ సైటులో ఆ పోర్టు వివరాలు చదవండి. 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' అనో 'థండర్‌బోల్ట్' అనో ఉంటే బొమ్మ వస్తుంది. 'పవర్ డెలివరీ' అని ఉంటే హబ్ మీదుగా చార్జింగ్ ఎక్కుతుంది. రెండు టైప్-సి పోర్టులున్న లాప్‌టాప్‌లలో ఒకదానికే ఈ సౌకర్యం ఉండొచ్చు, అదేదో గుర్తుపెట్టుకోండి. ఎం1, ఎం2 చిప్‌ల మాక్‌బుక్ ఎయిర్ వాడేవాళ్లు రెండు హెచ్‌డీఎంఐల హబ్‌కి ఎక్కువ డబ్బు పెట్టకండి. మామూలు హబ్‌తో వాటికి అదనంగా ఒక్క తెరే పనిచేస్తుంది.

పెట్టె మీద '4కె' అన్న మాట ఒక్కటే చూసి మోసపోవద్దు. 4కె 30 హెర్ట్జ్ (అంటే సెకనుకు 30 సార్లే బొమ్మ మారే) హబ్‌తో పెద్ద మానిటర్ మీద మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది, గంటల తరబడి పని చేస్తే కళ్లు లాగుతాయి. రోజూ మానిటర్ వాడేవాళ్లు 60 హెర్ట్జ్ తీసుకోవాలి. ప్రొజెక్టర్ కోసం మాత్రమే అయితే 30 చాలు.

'100 వాట్లు' అన్న అంకె కూడా అలాంటిదే. అది హబ్ తట్టుకోగల గరిష్ఠం. అందులో పది పదిహేను వాట్లు హబ్ తన కోసం ఉంచుకుంటుంది. మీ చార్జర్ 65 వాట్లదైతే లాప్‌టాప్‌కి చేరేది 50 చిల్లర. తేలికపాటి లాప్‌టాప్‌కి అది సరిపోతుంది. భారీ పని చేసే లాప్‌టాప్‌లో మాత్రం చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంటుంది. ఇక 60 వాట్లు దాటి పంపాలంటే అంతకు తగ్గ కేబుల్ కావాలి, ఫోన్‌తో వచ్చినది పెట్టి హబ్‌ని తిట్టకండి.

ప్రయాణాలకు లాప్‌టాప్ అంచుకే గుచ్చుకునే కర్రలాంటి హబ్ నాకు నచ్చదు. రైల్లో ఒళ్లో పెట్టుకుని పని చేస్తుంటే ఒక్క కుదుపుకి బరువంతా పోర్టు మీద పడుతుంది. పొట్టి వైరుతో వేలాడేదీ అంతే, వైరు మెడ దగ్గర తెగుతుంది. కాస్త పొడవైన వైరు, అదీ విడిగా తీసి మార్చుకునే రకం దొరికితే మరీ మంచిది.

రైలు ప్లగ్గు సంగతి తప్పకుండా చెప్పాలి. సీటు దగ్గరి సాకెట్లు తరచూ వదులుగా ఉంటాయి. హబ్‌కి వచ్చే కరెంటు ఒక్క క్షణం ఆగినా చాలా హబ్‌లు ఆగి మళ్లీ మొదలవుతాయి. ఆ క్షణంలో హార్డ్ డిస్కులోకి ఫైళ్లు వెళ్తుంటే అవి పాడవచ్చు. కాబట్టి రైల్లో హబ్ మీదుగా చార్జింగ్ పెట్టి, అదే హబ్‌లో హార్డ్ డిస్క్ కాపీ పెట్టకండి. రెండింట్లో ఒకటే చేయండి. వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే దాని రిసీవర్‌ని హబ్‌లోంచి తీసి లాప్‌టాప్ అవతలి పక్క పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 3 వేగంగా నడిచేటప్పుడు వచ్చే రేడియో అలజడి మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది, వైఫై కూడా అప్పుడప్పుడు అందుకే మందగిస్తుంది.

మన ఊళ్లో ఇంకో శత్రువు సముద్రపు గాలి. ఏసీ బోగీలో రాత్రంతా చల్లబడిన లోహపు హబ్‌ని విశాఖ ప్లాట్‌ఫాం మీద ఉక్కలోకి తెస్తే, చల్లని గ్లాసుకి పట్టినట్టే తేమ పడుతుంది. దిగగానే తీసి గుచ్చకండి, బ్యాగులోనే అరగంట ఉండనివ్వండి. బీచ్‌రోడ్డు వైపు, రుషికొండ వైపు ఉండేవాళ్లకు ఉప్పుగాలితో పోర్టుల్లోని లోహం తుప్పు పట్టే భయం ఎక్కువ. జిప్ కవర్‌లో హబ్‌తో పాటు తేమను పీల్చే రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. తడిసిన హబ్‌ని లాప్‌టాప్‌కి తగిలించే సాహసం చేయవద్దు, పూర్తిగా ఆరాకే.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తర్వాత కరెంటు, ఫోన్లు లేక పడిన అవస్థ ఇక్కడివాళ్లకు గుర్తే. ఉరుములు మొదలైతే చార్జర్‌తో పాటు హబ్‌కున్న లాన్ కేబుల్ (ఇంటర్నెట్ వైరు) కూడా పీకండి. పిడుగు దెబ్బ ఆ దారినీ రాగలదు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంట్లో అన్నీ ఒకేసారి తగిలించి చూడండి: చార్జర్, మీ టీవీ హెచ్‌డీఎంఐ, పెన్‌డ్రైవ్, మౌస్. గంటసేపు వదిలేయండి. హబ్ వెచ్చబడటం మామూలే. చేయి పెట్టలేనంత కాలినా, తెర మినుకుమినుకుమన్నా బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లే టైము అప్పుడుంటుంది. పవర్ బ్యాంక్ ఉంటే విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు. చివరగా, వెళ్లే చోటికి ఫోన్ చేసి ప్రొజెక్టర్‌కి ఏ పోర్టు ఉందో అడగండి. పాత మీటింగ్ గదుల్లో ఇంకా వీజీఏ అనే పాతకాలపు వైరే వేలాడుతూ ఉంటుంది.