కాటా చీటీల పీడీఎఫ్‌లకు ఇండెక్స్ ఫీల్డులు ఎలా అమర్చాలి?

జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడ్లు బారులు తీరతాయి. లోడుకో కాటా చీటీ. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో పడేస్తే సగం పనే అయినట్టు. సీజన్ ముగిశాక రైతు వచ్చి ఫలానా రోజు లోడు నికర బరువెంతని అడిగితే, ఫైళ్లన్నీ తెరిచి వెతకాల్సి వస్తుంది. చీటీలోని వివరాలను ఫీల్డులుగా (ఒక్కో వివరానికి ఒక్కో గడిగా) విడదీసి ఇండెక్స్ చేసుకుంటే, అంటే వెతకగానే దొరికే పట్టికలో చేర్చుకుంటే, ఆ అవస్థ ఉండదు. సాఫ్ట్‌వేర్‌ను బట్టి మెనూల పేర్లు మారినా పని వరస ఇదే.

1. ఏయే ఫీల్డులు కావాలో ముందు తేల్చుకోండి

చీటీలో కనిపించేదంతా ఫీల్డు చేయకండి. ఆఫీసుకొచ్చి జనం దేన్నిబట్టి అడుగుతారో అవే ఫీల్డులు: చీటీ నంబరు, తేదీ, బండి నంబరు, రైతు పేరు, ఊరు, మొత్తం బరువు, ఖాళీ బరువు, నికర బరువు. ఈ ఎనిమిది చాలు. ఆధార్ నంబరును మాత్రం ఇండెక్సులోకి ఎక్కించకండి. దానితో వెతికే అవసరం రాదు, బయటికి పొక్కితే తలనొప్పి.

2. పీడీఎఫ్‌లో అక్షరాలున్నాయా, బొమ్మేనా?

ఫైలు తెరిచి ఒక పదాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ సెలెక్ట్ కాకపోతే అది ఉత్త బొమ్మ, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించడం) చేయాలి. తెలుగు కనిపిస్తున్నా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తే, అది 'అను' లాంటి పాత డీటీపీ (కంప్యూటర్ అచ్చు పని) ఫాంట్లతో చేసిన ఫైలు. అందులోని అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు. ఇలాంటివే ఎక్కువ మోసం చేస్తాయి: అక్షరాలు ఉన్నాయనుకుని సాఫ్ట్‌వేర్ ఓసీఆర్‌ను వదిలేస్తుంది, ఇండెక్సులో చెత్త చేరుతుంది. వీటికి 'ఫోర్స్ ఓసీఆర్' (అక్షరాలున్నా సరే మళ్లీ చదివించడం) పెట్టండి.

స్కానింగ్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గ్రే మోడ్‌లో చేయాలి. రిబ్బన్ అరిగిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు (చుక్కలతో అచ్చేసేది) ముద్రను బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే చుక్కలు రాలిపోయి 8 కాస్తా 3 అవుతుంది. ఓసీఆర్ భాషల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఎంచుకోండి. చేత్తో రాసిన పేర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, వాటిని టైపు చేయడమే నయం.

3. ఫీల్డు రకం

బరువులకు 'నంబర్' రకం ఇవ్వాలి. 'టెక్స్ట్' ఇస్తే వరస పెట్టినప్పుడు 9,500 కంటే ముందు 12,000 వస్తుంది. చీటీ నంబరు సంగతి దీనికి తలకిందులు. దాన్ని 'నంబర్' చేస్తే 0047లో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, కాబట్టి అది టెక్స్టే. రైతు పేరుకు పదం పదంగా వెతికే టెక్స్ట్ రకం, బండి నంబరుకు పూర్తిగా సరిపోతేనే దొరికే రకం ఇవ్వండి. బండి నంబరులోని ఖాళీలు, గీతలు ముందే తీసేయించాలి.

తేదీకి 'రోజు-నెల-సంవత్సరం' అని స్పష్టంగా ఎంచుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లు అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతాయి. 05-07-2025 చీటీ జూలై 5 కాకుండా మే 7 కింద పడుతుంది. 18-07 మాత్రం, పద్దెనిమిదో నెల లేదు గనక, చాలాసార్లు సరిగ్గానే కూర్చుంటుంది. అందుకే సరి చూసేటప్పుడు నెల మొదటి పన్నెండు రోజుల చీటీలు తీయండి.

4. విలువ ఎక్కడుందో చూపించడం

రెండు దారులున్నాయి. ఒకటి, పేజీ మీద గడి గీసి ఇందులో ఉన్నది తీసుకో అనడం. రెండోది, 'నెట్ వెయిట్' అనే లేబుల్‌ను పట్టుకుని దాని కుడివైపు ఉన్నది తీసుకో అనడం. కాటా చీటీలకు రెండోదే మేలు. ఒక్కో కాటాది ఒక్కో అచ్చు, పైగా కాగితం వంకరగా పెడితే గడి జారుతుంది. లేబుల్ రూపాలన్నీ ఇచ్చేయండి: 'నెట్', 'నెట్ వెయిట్', 'నికర బరువు'.

గడే గీయాల్సి వస్తే కొలత యూనిట్ చూసుకోండి. ఒక మిల్లీమీటరు పీడీఎఫ్ పాయింట్లలో 2.83, 300 డీపీఐ పిక్సెళ్లలో 11.8. ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తే గడి వేరేచోట పడుతుంది, పేజీ కూడా దాటిపోవచ్చు. పీడీఎఫ్ కొలతలు మామూలుగా కింది ఎడమ మూల నుంచి, బొమ్మల కొలతలు పై ఎడమ మూల నుంచి మొదలవుతాయి. పైనున్న చీటీ నంబరు అడిగితే కింది సంతకం వచ్చిందంటే తేడా ఇక్కడే.

5. తప్పును పట్టే నిబంధనలు

అన్నిటికంటే గట్టి తనిఖీ లెక్కే: మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే నికర బరువు రావాలి. రాని చీటీ మనిషి చూపుకు వెళ్లాలి. చాలా కాటాలు 5 లేదా 10 కిలోల మెట్టులో చూపిస్తాయి కాబట్టి, 3తోనో 7తోనో ముగిసే బరువును కూడా ఆపేయండి.

బండి నంబరుకు ఏపీ 39 ఒక్కటే నమూనాగా పెట్టకండి. ఆ కోడ్ 2019 నుంచి వచ్చింది, చిత్తూరు జిల్లా పాత బండ్లు ఏపీ 03. సరిహద్దు కదా, తమిళనాడు, కర్ణాటక లారీలూ వస్తాయి. టీఎన్, కేఏ కలపకపోతే మంచి చీటీలు కూడా తప్పుల వరసలో పేరుకుంటాయి.

ఊరికి టైపింగ్ వద్దు, జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. లేదంటే శ్రీకాళహస్తి ఒకచోట, కాళహస్తి మరోచోట చేరి, ఒకటి వెతికితే రెండోది దొరకదు. జిల్లా ఫీల్డు కావాలంటే దాన్ని తేదీతో ముడిపెట్టండి: చంద్రగిరి, శ్రీకాళహస్తి 2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లా, ఆ రోజు నుంచి తిరుపతి జిల్లా.

6. ముందు యాభై చీటీలతో

మంచివి ఏరకండి. మడతపడినవి, తడిసినవి, వెలిసినవి కలిపి యాభై తీసుకుని, ఒక్కో ఫీల్డునూ కాగితంతో సరిపోల్చండి. ఫలితాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) దించి ఎక్సెల్‌లో చూస్తే తెలుగు పేర్లు చెదిరిపోవచ్చు. నేరుగా తెరవకుండా, ఇంపోర్ట్ దారిలో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) ఎంచుకోండి, చీటీ నంబరు కాలమ్‌ను టెక్స్ట్ చేయండి. సున్నాలు అక్కడ కూడా పోతాయి.

తర్వాత ఏ ఫీల్డు రకం మార్చినా, పాత ఫైళ్లకు అది తనంతట తాను వర్తించదు. రీఇండెక్స్ (పాత ఫైళ్లన్నిటికీ ఇండెక్స్ మళ్లీ కట్టడం) నడిపి, అది పూర్తయ్యాక మొత్తం చీటీల సంఖ్య మార్పుకు ముందున్నంతే ఉందో లేదో చూడండి. తగ్గితే, కొత్త రకానికి సరిపడని విలువలున్న చీటీలు బయటే ఉండిపోయినట్టు. వాటి పేర్లు ఎర్రర్ లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ రాసుకునే తప్పుల చిట్టాలో) దొరుకుతాయి.